డ్రైవింగు పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు

మొన్న వేసవి సెలవుల్లో మా మనవరాలు కారు లైసెన్సు పరీక్షకు తయారవుతూ, పుస్తకం మూసి, నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. "తాతయ్యా! ఇప్పుడు బళ్లన్నిటికీ ఇండికేటరు లైట్లున్నాయి కదా, ఈ చేతి సైగలు ఇంకా ఎందుకు చదవాలి? అసలు ఈ పరీక్ష ఎవరు పెట్టారు?"

మొదటి ప్రశ్నకు ఏదో సర్దిచెప్పాను. రెండో దానికి నా దగ్గర జవాబు లేదు. 1974 నుంచి జేబులో లైసెన్సు పెట్టుకుని తిరుగుతున్న మనిషిని, అది ఎలా పుట్టిందో ఒక్కనాడూ ఆలోచించలేదు. పదవీ విరమణ చేసినవాడికి తీరికకు లోటేముంది? చదివి తెలుసుకున్నాను. ఆ సంగతులు మన సభ్యులతోనూ వారి పిల్లలతోనూ పంచుకుందామని ఈ వ్యాసం. చివర్లో మన వయసు వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. దయచేసి అంతవరకూ చదవమని మనవి.

పరీక్ష లేని రోజులు

గుర్రం లేకుండా నడిచే బండిని చూసి లోకం మొదట భయపడింది. ఇంగ్లండులో 1865లో చేసిన చట్టం ప్రకారం, ఆవిరి యంత్రంతో నడిచే బండికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. బండి వేగం ఊరి బయట గంటకు 4 మైళ్లు, ఊళ్లో 2 మైళ్లు దాటకూడదు. అంటే మనిషి నడకను మించకూడదన్నమాట. 1896లో ఈ ఆంక్షలు సడలించి, వేగాన్ని 14 మైళ్ల వరకు పెంచారు.

బండి నడిపేవాడికి ఆ పని వచ్చో రాదో చూడాలన్న ఆలోచన ముందుగా ఫ్రాన్సులో అమలయింది. 1893 ఆగస్టులో పారిస్ పోలీసు శాఖ, మోటారు బండి నడిపేవారు సామర్థ్య పత్రం పొందాలని ఉత్తర్వు చేసింది. 1903లో జర్మనీలోని ప్రష్యా రాజ్యం పరీక్షను తప్పనిసరి చేసింది.

అదే 1903లో బ్రిటన్ కూడా మోటారు కార్ల చట్టం చేసింది. 1904 జనవరి 1 నుంచి లైసెన్సు ఉండాలంది, 17 ఏళ్లు నిండాలంది, 5 షిల్లింగుల రుసుము కట్టమంది. పరీక్ష మాట మాత్రం ఎత్తలేదు. డబ్బు కట్టి రసీదు తీసుకున్నట్టే లైసెన్సు తీసుకుని రోడ్డెక్కేవారు. స్టీరింగు ఎన్నడూ పట్టనివాడైనా సరే, చట్టం దృష్టిలో డ్రైవరే. ఈ పద్ధతి ముప్ఫై ఏళ్లు సాగింది.

ఏడు వేల ప్రాణాల పాఠం

1934 నాటికి బ్రిటన్‌లో ఉన్న మోటారు వాహనాలు సుమారు 24 లక్షలు. ఆ ఒక్క ఏడాదిలో రోడ్ల మీద చనిపోయినవారు 7,343 మంది. పరీక్ష పెట్టడం వ్యక్తి స్వేచ్ఛకు అడ్డు అని అంతవరకూ వాదించినవారికి ఈ లెక్క ముందు నోరు పెగల్లేదు. ఆ సంవత్సరమే పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అప్పటి రవాణా మంత్రి లెస్లీ హోర్ బెలీషా. 1935 మార్చిలో ఇష్టమున్నవారికి పరీక్షలు మొదలుపెట్టి, జూన్ 1 నుంచి తప్పనిసరి చేశారు. 1934 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ డ్రైవింగు మొదలుపెట్టిన వారందరూ పరీక్షకు రావలసిందే. నేర్చుకునేవారి బండికి 'ఎల్' అక్షరం పలక కట్టడం కూడా అప్పుడే వచ్చింది.

ఆ తొలి పరీక్షలు జరిగిన తీరు చదివితే నవ్వొస్తుంది. పరీక్షా కేంద్రాలు లేవు. అభ్యర్థి, పరీక్షాధికారి ముందుగా అనుకుని ఏ పార్కు దగ్గరో, పోస్టాఫీసు దగ్గరో, రైల్వే స్టేషను దగ్గరో కలుసుకునేవారు. రుసుము ఏడున్నర షిల్లింగులు. మొదటి ఏడాది నూటికి 63 మంది ప్యాసయ్యారు. అంటే నూటికి 37 మంది తప్పారు. అంతకు ముందు ఏడాది వరకు ఇలాంటివారందరూ ఏ అడ్డూ లేకుండా రోడ్డు మీద ఉన్నారన్నమాట!

రెండో ప్రపంచ యుద్ధం రాగానే 1939 సెప్టెంబరులో పరీక్షలు ఆపి, 1946 నవంబరులో మళ్లీ మొదలుపెట్టారు. 1956లో సూయజ్ కాలువ గొడవతో పెట్రోలు కరువొచ్చినప్పుడు మరోసారి ఆగాయి. ఆ కొద్ది నెలలూ నేర్చుకునేవారిని పక్కన ఎవరూ లేకుండానే బండి నడుపుకోనిచ్చారు.

ఈ రోజు బ్రిటన్‌లో వాహనాలు 4 కోట్లకు పైమాటే. ఏడాదికి రోడ్డు మరణాలు సుమారు 1,700. ఇదంతా పరీక్ష ఒక్కదాని వల్లే జరిగిందని చెప్పలేం. రోడ్లు బాగుపడ్డాయి, సీటు బెల్టులు వచ్చాయి, వైద్యం పెరిగింది. కానీ ఆ మార్పుకు తొలిమెట్లలో ఈ పరీక్ష ఒకటి అనడంలో సందేహం లేదు.

మన దేశానికి వచ్చిన తీరు

మన దేశంలో మొదట ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం మోటారు చట్టాలు చేసుకుంది. దేశానికంతటికీ కలిపి తొలి చట్టం 1914లో వచ్చింది. లైసెన్సు లేనిదే నడపరాదని, 18 ఏళ్లు నిండనివారు నడపరాదని అందులో ఉంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటి మద్రాసు రాష్ట్రంలోవి కాబట్టి ఆ చట్టం కిందే ఉండేవి. నిజాం సంస్థానం వేరు. అక్కడ 1932లో రైల్వే శాఖ వారే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. తర్వాతి కాలపు మన ఆర్టీసీకి మూలం అదే.

1930ల నాటికి బస్సులు, లారీలు బాగా పెరిగి రైళ్లకే పోటీ వచ్చాయి. వాటన్నిటినీ ఒక పద్ధతిలోకి తేవడానికి 1939లో కొత్త మోటారు వాహనాల చట్టం చేశారు. మనలో చాలామంది లైసెన్సు తీసుకున్నది ఆ చట్టం కిందే. దాని మూడో షెడ్యూలులో డ్రైవింగు పరీక్షలో ఏమేం చూడాలో వరుసగా రాశారు. ఇంజను స్టార్టు చేయడం, సాఫీగా కదలడం, మలుపులు సరిగా తిరగడం, ఎదురు బండికి దారివ్వడం, అవసరమైతే గభాలున ఆపగలగడం, వెనక్కి నడిపి ఇరుకు సందులోకి పోనివ్వడం, చేతితో స్పష్టంగా సైగలు చేయడం. ఈ వరుస చూస్తే 1935 నాటి బ్రిటిషు పరీక్ష నీడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంజను స్టార్టు చేయడం కూడా ఒక పరీక్షేనా అని ఈ కాలం పిల్లలు నవ్వవచ్చు. పాత బళ్లకు ముందువైపు ఇనుప హ్యాండిలు దూర్చి తిప్పాలి. ఇంజను ఎదురు తన్నిందంటే హ్యాండిలు గిర్రున వెనక్కి తిరిగి మణికట్టు విరిచేది. అందుకని బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోవాలని పాత డ్రైవర్లు మొదటి పాఠంగా చెప్పేవారు.

అప్పటి డ్రైవింగు స్కూలు లారీ క్యాబినే. కుర్రవాడు క్లీనరుగా చేరి, బండి కడిగి, రేడియేటరులో నీళ్లు పోసి, వెనక్కి తీసేటప్పుడు కిందకు దిగి "రానీ, రానీ" అని కేకలు వేస్తూ ఏళ్లు గడిపితే గానీ గురువు స్టీరింగు ముట్టుకోనిచ్చేవాడు కాదు. గేరు మార్చేటప్పుడు క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, ఇంజను చప్పుడు చెవితో విని గేరు వేయాలి. పుస్తకం లేదు, ఎల్ బోర్డు లేదు. కానీ తయారీ మాత్రం గట్టిది.

నా పరీక్ష

నేను 1974లో స్కూటరు లైసెన్సుకు వెళ్లాను. ఆ రోజుల్లో స్కూటరు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. నాకింకా బండి రాలేదు. మా ఆఫీసులోని ఒక పెద్దాయన స్కూటరు అరువు తీసుకుని నెల రోజులు పొద్దున్నే మైదానంలో తిప్పాను. పరీక్ష చేసే అధికారిని మా ఊళ్లో అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు అనేవారు. సున్నంతో నేల మీద ఎనిమిది అంకె గీసి ఉంది. కాలు కింద పెట్టకుండా దాని మీద తిరిగి రావాలి. ఎనిమిది బాగానే వేశాను. తర్వాత ఆయన రోడ్డు మీదికి పొమ్మని, "ఎడమకు తిరుగు" అన్నారు. నేను కంగారులో ఎడమ చెయ్యి చాపాను.

"ఫెయిల్. సైగలు నేర్చుకుని మళ్లీ రా," అన్నారు.

ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. వారం పాటు అద్దం ముందు నిలబడి సైగలు చేశాను. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి అన్ని సైగలూ కుడిచేతితోనే. నిదానిస్తున్నానంటే చెయ్యి చాపి, అరచెయ్యి నేలవైపు పెట్టి పైకీ కిందికీ ఆడించాలి. ఆపుతున్నానంటే మోచెయ్యి దగ్గర వంచి చేతిని నిలువుగా ఎత్తాలి. కుడికి తిరుగుతున్నానంటే అరచెయ్యి ముందుకు ఉండేలా తిన్నగా చాపాలి. ఎడమకైతే చాచిన చేతిని గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిప్పాలి. వెనుక బండికి దారి ఇస్తున్నానంటే చేతిని అర్ధచంద్రాకారంలో ముందుకూ వెనక్కూ ఊపాలి.

మా మనవరాలి మొదటి ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర సరైన జవాబుంది. లైట్లు లేని రోజుల్లో బండికి నోరు ఆ చెయ్యే. నేను ఏం చేయబోతున్నానో వెనుకవాడికి ముందే చెప్పడం నా బాధ్యత అనే నియమం అక్కడే పుట్టింది. బ్రిటన్‌లో 1975లో చేతి సైగలను పరీక్షలోంచి తీసేశారు. చెయ్యి పోయి దీపం వచ్చినా, ముందే చెప్పాలన్న నియమం మాత్రం పోలేదు. ఇండికేటరు వేయకుండా మలుపు తిరిగేవాడు, వేసి ఆర్పడం మరిచేవాడు ఇద్దరూ 1974లో నాలాగా ఫెయిలైనవారే. కాకపోతే వాళ్లను ఆపే ఇన్‌స్పెక్టరు గారు పక్కన లేరు.

పరీక్ష ఇవ్వని ఒక మిత్రుడు

నాతోపాటు పనిచేసిన ఒక మిత్రుడి సంగతి చెప్పకుండా ఉండలేను. పేరు వద్దు. మంచి మనిషి. ఎవరో మధ్యవర్తిని పట్టుకుని, పరీక్షకు హాజరు కాకుండానే కారు లైసెన్సు తెప్పించుకున్నాడు. "ఎక్కడో మైదానంలో వెనక్కీ ముందుకీ తిప్పించడానికి ఒక పూట సెలవెందుకు పెట్టాలి?" అనేవాడు. మేమూ నవ్వాం. ఆ నవ్వులో మా తప్పూ ఉందని ఇప్పుడనిపిస్తుంది.

కొన్నేళ్లకు ఒక ఉదయం ఇంటి ముందు కారు వెనక్కి తీస్తూ, ముగ్గు వేస్తున్న పక్కింటి పెద్దావిడను చూసుకోలేదు. తుంటి ఎముక విరిగింది. ఆవిడ మళ్లీ లేచి నడవలేదు. ఆ కుటుంబం కేసు పెట్టలేదు. వైద్యానికి డబ్బు ఇస్తే తీసుకోలేదు. మా మిత్రుడు ఆ తర్వాత కారు అమ్మేశాడు. "ఆ ఒక్క పూట సెలవు పెట్టి ఉంటే, రివర్సు రాక ఫెయిలయ్యేవాణ్ణి రా. ఫెయిలై ఉంటే నేర్చుకునేవాణ్ణి," అని నాతో అన్నాడు. పరీక్ష విలువ గురించి నేను విన్న మాటల్లో ఇంతకు మించినది లేదు.

ఇప్పటి పరీక్ష, దానికి తయారీ

1939 చట్టం స్థానంలో 1988 చట్టం వచ్చి, 1989 జులై 1 నుంచి అమలైంది. దాని కింద వచ్చిన 1989 కేంద్ర నియమాల్లో 15వది డ్రైవింగు పరీక్ష గురించి చెబుతుంది. మన పిల్లలు, మనవలు పరీక్షకు వెళుతుంటే పెద్దవాళ్లుగా మనం గుర్తుచేయవలసినవి కొన్ని ఉన్నాయి.

ముందుగా ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. దానికి కంప్యూటరు ముందు కూర్చుని గుర్తులు, నియమాల మీద ప్రశ్నలకు జవాబులివ్వాలి. నూటికి 60 సరిగా ఉంటే ప్యాసు. అది 6 నెలలు చెల్లుతుంది. తీసుకున్నాక కనీసం 30 రోజులు గడిస్తే గానీ అసలు పరీక్షకు రానివ్వరు. ఈ 30 రోజులు కాలయాపన కాదు, సాధన కోసం ఇచ్చిన గడువు. బండికి ముందూ వెనుకా తెల్లని నేల మీద ఎర్రని ఎల్ అక్షరం ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు. కారులో పక్కన లైసెన్సు ఉన్నవారు కూర్చోవాలి.

పరీక్ష రోజున చాలామంది పిల్లలు ఎక్కగానే తాళం తిప్పుతారు. నియమం చెప్పేది వేరు. ముందు అద్దం సరిచేసుకోవాలి, స్టార్టు చేసే ముందు జాగ్రత్తలు చూసుకోవాలి. మిట్ట మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వాడి, బండి వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. ఇది ఒక్కరోజులో రాదు. ఇంటి దగ్గర ఏ వంతెన వాలు మీదో, తెల్లవారుజామున రద్దీ లేనప్పుడు, పెద్దవాళ్లు పక్కన ఉండగా పదే పదే చేయాలి. మా మనవరాలికి మొదటి వారం బండి వెనక్కి జారుతూనే ఉంది. పదో రోజుకు క్లచ్చి ఎక్కడ అందుకుంటుందో పాదానికే తెలిసిపోయింది.

'హెచ్' ఆకారపు ట్రాకులో వెనక్కి నడపడమంటే పిల్లలకు భయం. 1939 చట్టంలోని 'ఇరుకు సందులోకి వెనక్కి పోనివ్వడం' అన్న మాటకు నేటి రూపమే అది. అద్దాల్లో మాత్రమే చూసి కాక, మెడ తిప్పి వెనక్కి చూస్తూ, నడక వేగంతో తీయాలి. స్కూటరు ఎనిమిదికీ అదే సూత్రం, చూపు ముందు చక్రం మీద కాక, వెళ్లబోయే మలుపు మీద ఉండాలి.

తప్పితే సిగ్గుపడనక్కర్లేదు. 1988 చట్టమే దానికి దారి రాసిపెట్టింది. తప్పినవారు 7 రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వ గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో కారుకు 29 గంటల శిక్షణ ఇచ్చి, అక్కడే పరీక్ష పెట్టే ఏర్పాటు కూడా ఉంది.

ఈ శ్రమంతా దేనికంటే, 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలు 4 లక్షల 61 వేలకు పైగా జరిగాయి. మరణాలు 1,68,491. ఆనాడు 7,343 మరణాలకు బ్రిటన్ పరీక్ష పెట్టింది. మనకు పరీక్ష ఉంది, చట్టం ఉంది. వాటిని మనస్ఫూర్తిగా ఇచ్చేవారు, తీసుకునేవారు కావాలి.

మన వయసు వారికి ఒక మాట

ఇక మొదట్లో చెప్పిన సంగతి. 2019 సవరణ తర్వాత, 55 ఏళ్లు దాటినవారి లైసెన్సు ఐదేళ్లకొకసారి రెన్యువలు చేయించుకోవాలి. దానికి మన ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే ఫారం 1, డాక్టరు ఇచ్చే ఫారం 1-ఎ జత చేయాలి. మన ఫారంలో ఒక ప్రశ్న ఉంది. మంచి పగటి వెలుతురులో, 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు పలకను చదవగలరా? 1939 చట్టంలో ఇదే ప్రశ్న 25 గజాలని ఉండేది.

నా లైసెన్సు గడువు కూడా ఈ మధ్యే వచ్చింది. "చదవగలను" అని రాయడానికి కలం తీశాను. మా మనవరాలు ఫారం లాక్కుని, "నన్ను అన్ని ప్రశ్నలు అడిగావు కదా తాతయ్యా, ఇప్పుడు నీ పరీక్ష" అంటూ వీధిలోకి తీసుకుపోయింది. టేపు పెట్టి 25 మీటర్లు కొలిచి, నన్ను నిలబెట్టి, ఎదురింటి వారి కారు నంబరు చదవమంది. కుడి కన్నుతో చదివాను. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూస్తే అంకెలన్నీ అలికినట్టున్నాయి. అంతకు ముందు రోజు సాయంత్రమే నేను బజారుకు కారు నడుపుకుని వెళ్లి వచ్చాను!

కళ్ల డాక్టరు గారు శుక్లం ముదిరిందన్నారు. ఆపరేషను చేయించుకున్నాను. డాక్టరు గారు సరేనన్నాక అదే వీధిలో, అదే చోట నిలబడి రెండు కళ్లతోనూ విడివిడిగా చదివి, అప్పుడు ఫారం మీద సంతకం పెట్టాను. మా మనవరాలు మొదటిసారే ప్యాసైంది. నేను మాత్రం జీవితంలో రెండు పరీక్షల్లోనూ రెండోసారికే గట్టెక్కాను.

మిత్రులారా, ఆ ఫారం మీద మన సంతకాన్ని ఎవరూ తనిఖీ చేయకపోవచ్చు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూడని కాగితం మీద సంతకం పెట్టకూడదని మన కింది వారికి చెప్పిన వాళ్లం మనం. ఈ కాగితానికీ అదే నియమం పాటిద్దాం. రెన్యువలుకు ముందు టేపు తీసుకుని 25 మీటర్లు కొలవండి. ఇంట్లో పిల్లలను పక్కన నిలబెట్టుకుని ఒక్కో కన్నూ మూసి చూడండి. చదవగలిగితే హాయిగా నడపండి. చదవలేకపోతే ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి. అప్పటిదాకా ఆటో ఎక్కితే మన పరువేమీ పోదు.

అందరికీ నమస్కారాలతో, క్షేమంగా వెళ్లి లాభంగా రావాలని కోరుకుంటూ సెలవు.